నింద ఎవరి మీద? రోగం ఎవరి ఇంట్లో?

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఎయిడ్స్ గురించి మాట్లాడతామంటే మీకు ఏం గుర్తొస్తుందో మాకు తెలుసు. గోడ మీద పుర్రె బొమ్మ, కింద 'నీతిగా బతుకు' అని ఒక బోధ. ఇవాళ మేము ఆ బోధ చేయడానికి రాలేదు. ఒక మనిషి చేసిన పని గురించి చెప్పడానికి వచ్చాం. ఆయన పేరు పాల్ ఫార్మర్. అమెరికావాడు. డాక్టరు, మానవ శాస్త్రవేత్త కూడా. 1983లో హైతీ అనే దేశానికి పోయాడు. 2022 ఫిబ్రవరి 21న ఆఫ్రికాలోని రువాండాలో, తాను పనిచేస్తున్న చోటే చనిపోయాడు. ఈ మధ్య కాలమంతా పేదోళ్ల రోగాల వెంట తిరిగాడు. ఆయన్ని దేవుణ్ణి చేయడం మా ఉద్దేశం కాదు. ఆయన అడిగిన ప్రశ్నలు మన పల్లెల్లో కూడా అడగాల్సినవి. అందుకే ఈ మాటలు.

మానవ శాస్త్రం అంటే మనకు అనుమానం ఉంది. ఉండాలి కూడా. తెల్లదొరల కాలంలో ఆ శాస్త్రం మన దగ్గరికి కొలబద్ద పట్టుకుని వచ్చింది. రిస్లే అనే అధికారి ముక్కు వెడల్పు కొలిచి కులం ఎత్తుపల్లాలు చెప్పాడు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ మన దక్షిణాది కులాల తలలు, ముక్కులు కొలిచాడు, 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. కొలిపించుకున్నోడికి దక్కిందేంది? ఏమీ లేదు. అదే శాస్త్రపు గదిలో ఇంకో గొంతు కూడా వినబడింది. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్ర సెమినార్‌లోనే బాబాసాహెబ్ కులం పుట్టుక మీద తన వ్యాసం చదివాడు. కాబట్టి శాస్త్రం ఎవరి చేతిలో ఉంది, ఎవరి కోసం పనిచేస్తుంది అని అడగాలి. ఫార్మర్‌ని కూడా అదే తూకంలో పెట్టి చూద్దాం.

ముందు హైతీ సంగతి. అమెరికా ఖండపు సముద్రంలో ఒక దీవిలో ఒక భాగం. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన నల్లవాళ్లను ఫ్రాన్సు దొరలు అక్కడి చెరకు తోటల్లో బానిసలుగా పెట్టారు. 1791లో ఆ బానిసలు తిరగబడ్డారు. పన్నెండేళ్లకు పైగా కొట్లాడి, 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నారు. బానిసలే తిరగబడి కట్టుకున్న దేశం అది. దానికి శిక్ష పడకుండా ఉంటుందా? 1825లో ఫ్రాన్సు యుద్ధ ఓడలు పంపించి, బానిసల్ని పోగొట్టుకున్న యజమానులకు 15 కోట్ల ఫ్రాంకుల నష్టపరిహారం కట్టమంది. వెట్టి నుంచి బయటపడ్డోడు వెట్టి చేయించుకున్నోడికి పరిహారం కట్టాలట! తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించారు గానీ, ఆ బాకీ కోసం చేసిన అప్పులు 1947 దాకా తీరలేదు. మధ్యలో 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం వచ్చి కూర్చుంది. హైతీ ఎందుకు పేదదో ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు.

1981లో అమెరికాలో ఎయిడ్స్ బయటపడింది. 1983 నాటికి అక్కడి ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ ప్రమాదకర గుంపులు అని ఒక జాబితా కట్టింది. స్వలింగ సంపర్కులు, హెరాయిన్ సూదులు వాడేవాళ్లు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవాళ్లు, నాలుగోది హైతీయులు. ఒక దేశపు జనం మొత్తాన్ని రోగపు పేరుగా మార్చారు. 1985లో ఆ జాబితా నుంచి తీసేశారు గానీ ముద్ర పోతుందా? అమెరికాలో ఉన్న హైతీ వాళ్ల ఉద్యోగాలు పోయాయి, ఇళ్లు అద్దెకు దొరకలేదు, బడిలో పిల్లల్ని ఏడిపించారు. 1990లో హైతీయుల రక్తమే వద్దన్నారు. ఆ ఏడాది ఏప్రిల్ 20న న్యూయార్కులో వేలాది మంది హైతీయులు బ్రూక్లిన్ వంతెన మీదుగా ఊరేగింపు తీశారు. ఆ ఏడాది చివరికల్లా ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేయాల్సి వచ్చింది. కొట్లాడితేనే ముద్ర చెరుగుతుంది.

ఈ నింద నడుస్తున్న రోజుల్లోనే ఫార్మర్ హైతీలో కాంజ్ అనే కొండ పల్లెలో ఉన్నాడు. ఆ పల్లె ఎట్లా పుట్టిందో వినండి. 1956లో ఆర్తిబొనీత్ నది మీద పెలిగ్రే ఆనకట్ట కట్టారు. డబ్బు, ఇంజనీర్లు అమెరికావాళ్లు. లోయలో మంచి మాగాణి చేసుకుంటున్న రైతుల భూములు మునిగిపోయాయి. వాళ్లు కొండెక్కారు. కరెంటు రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌కి పోయింది. కొండ మీదోళ్లకు రాళ్ల నేల మిగిలింది. తమ నీళ్ల పక్కనే తమ ఇల్లు చీకటిగా ఉండటం ఏంటో శ్రీశైలం ముంపు ఊళ్లవాళ్లకు మేము వేరే చెప్పక్కర్లేదు.

ఆ పల్లెలో అసెఫీ అనే పిల్ల ఉంది. అది ఫార్మర్ రాతల్లో పెట్టిన మారుపేరు. తల్లిదండ్రులు ముంపు రైతులు. వారం వారం కూరగాయలు నెత్తిన పెట్టుకుని సంతకు పోయే దారిలో సైనికుల బ్యారక్ ఉంది. ఒక సైనికాధికారి కన్ను ఆ పిల్ల మీద పడింది. అతనికి అప్పటికే పెళ్లాం పిల్లలు ఉన్నారు. అయినా ఆ ఊళ్లలో నెల నెలా జీతం వచ్చేది సైనికుడికే. కాదనే స్తోమత ఇంట్లో ఎవరికీ లేదు. కొన్నాళ్లకే అతను జ్వరంతో చచ్చిపోయాడు. ఆ పిల్ల వంట పని నేర్చుకుని పట్నంలో ఒక ఇంట్లో పనిమనిషిగా చేరింది. తర్వాత బస్సు నడిపే ఒకతనితో పెళ్లి అనుకుంది. కడుపొచ్చింది, జబ్బూ బయటపడింది. చంటిపిల్లను వదిలేసి 1991లో చనిపోయింది. తండ్రి ఉరి వేసుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ పిల్ల చేసిన తప్పేంది? ఇద్దరు మగవాళ్లు. ఇద్దరి దగ్గరా ఆమె వెతుక్కున్నది తిండి, నీడ. ఫార్మర్ ఒక్క ఆమె కథతో ఆగలేదు. కాంజ్ ఆస్పత్రిలో వైరస్ ఉన్న ఆడవాళ్లను, లేని ఆడవాళ్లను పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కరి బతుకూ అడిగి రాసుకున్నారు. ఎంతమందితో తిరిగారు అన్న లెక్కలో పెద్ద తేడా లేదు. తేడా వేరే చోట కనబడింది. వైరస్ ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమంది పట్నంలో పనిమనుషులుగా చేసినవాళ్లు, మగవాళ్లలో సైనికుల్నో లారీ డ్రైవర్లనో నమ్ముకున్నవాళ్లు. అంటే రోగం ఆకలి వేసిన దారి వెంబడే నడిచింది. ఫార్మర్ దీన్ని 'నిర్మాణ హింస' అన్నాడు. కత్తి పట్టుకున్నోడు ఎవరూ కనబడడు. ఆనకట్ట, అప్పు, ఆకలి, మగవాడి జీతం అన్నీ కలిసి మనిషిని చంపుతాయి. 1992లో అచ్చయిన ఆయన మొదటి పుస్తకం ఈ రోగం గురించే, దాని చుట్టూ అల్లిన నిందల గురించే.

ఇది దూరదేశం కథ అనుకోవద్దు. మన దేశంలో 1986లో మొదటిసారి ఈ వైరస్‌ని కనిపెట్టింది చెన్నైలో, పడుపు వృత్తిలో ఉన్న ఆడవాళ్ల రక్తంలో. అప్పటినుంచి లోకం వేలు వాళ్ల మీదకే పోయింది. తెలంగాణలో జోగినిగా, చిత్తూరు వైపు మాతమ్మగా ఎవరి ఆడబిడ్డను విడిచారు? ఎక్కువగా మాల మాదిగ ఇళ్ల బిడ్డలనే. 1988లో చట్టం వచ్చింది. ఆ బిడ్డను విడిపించిన పెత్తందారు పేరు ఏ ప్రమాదకర గుంపు జాబితాలోనైనా ఉందా?

ఇంకో నింద ఉంది, 'వీళ్లు మూఢనమ్మకాల వాళ్లు, మందు మింగరు' అని. 1989లో కాంజ్‌లో క్షయ రోగుల్ని రెండు జట్లుగా చూశారు. మందులు రెండు జట్లకూ ఉచితమే. రెండో జట్టుకు మాత్రం అదనంగా తిండికి నెల నెలా కొంత డబ్బు, ఆస్పత్రికి రాను ఖర్చు, ఇంటికి వచ్చి పలకరించే ఊరి మనిషి. రెండో జట్టులో అందరికీ నయమైంది. మొదటి జట్టులో సుమారు సగం మందికే. చేతబడి వల్ల రోగం వచ్చిందని నమ్మినోళ్లున్నారు, నమ్మనోళ్లున్నారు. నయం కావడంలో ఆ నమ్మకం వల్ల ఏ తేడా రాలేదు. తిండి ఉందా లేదా అన్నదే తేడా. రోగి మందు ఎందుకు మానేశాడని అడిగే డాక్టరు, ఆ రోజు పొయ్యి వెలిగిందా అని కూడా అడగాలి.

ఆ ఇంటికొచ్చే ఊరి మనుషుల్ని అక్కడ 'తోడు నడిచేవాళ్లు' అంటారు. వాళ్లు డాక్టర్లు కాదు, నర్సులు కాదు. అదే పల్లె జనం. శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి పెట్టుకున్నారు. 1987లో ఫార్మర్, ఒఫీలియా డాల్, జిమ్ యాంగ్ కిమ్ మొదలైనవాళ్లు కట్టిన సంస్థకు వెన్నెముక వాళ్లే. 1995లో గర్భిణీలకు బిడ్డకు రోగం సోకకుండా మందు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టగానే, పరీక్ష చేయించుకోవడానికి ఆడవాళ్లు ముందుకొచ్చారు. మందు లేనప్పుడు పరీక్ష అంటే చావు చీటీ. మందు ఉంటే పరీక్ష బతుకుదారి. నివారణ వేరు, వైద్యం వేరు అని విడగొట్టే పెద్దలకు ఆ ఆడవాళ్లే జవాబు చెప్పారు.

1998లో కాంజ్‌లో ఎయిడ్స్ రోగులకే పూర్తి మందులు ఇవ్వడం మొదలైంది. అప్పట్లో ఆ మందుల ఖర్చు మనిషికి ఏడాదికి 10,000 డాలర్లకు పైనే. 'పేదోళ్లకు ఇంత ఖర్చా, కండోము పంచండి చాలు' అన్నారు. 2001లో అమెరికా విదేశీ సాయం సంస్థ పెద్ద నాట్సియోస్, ఆఫ్రికావాళ్లకు గడియారం తెలియదు, వేళకు మాత్రలెట్లా మింగుతారు అన్న అర్థంలో మాట్లాడాడు. కూలోడికి పొద్దు చూసి వేళ చెప్పడం రాదా? అదే ఏడాది ఫార్మర్, ఆయన తోటివాళ్లు లాన్సెట్ పత్రికలో కాంజ్ అనుభవం రాసి, మంచం పట్టినోళ్లు లేచి పనికి పోతున్నారని చూపించారు. అదే 2001 ఫిబ్రవరిలో మన దేశపు సిప్లా కంపెనీ మూడు మందుల్ని కలిపి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామంది. 10,000 ఎక్కడ, 350 ఎక్కడ! ఆ తర్వాత హైదరాబాద్ కంపెనీల మాత్రలు కూడా ఆఫ్రికా పల్లెలకు చేరాయి. 2002లో గ్లోబల్ ఫండ్ ఏర్పడింది. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది.

తూకంలో పెడతామన్నాం గదా, రెండో తక్కెడ కూడా చూద్దాం. వైరస్ అమెరికా పర్యాటకుల వల్ల హైతీకి వచ్చిందని ఫార్మర్ వాదించాడు. 2007లో వైరస్ జన్యువుల్ని పరిశీలించినవాళ్లు అది ఆఫ్రికా నుంచి 1966 ప్రాంతంలో హైతీకి, అక్కడినుంచి అమెరికాకు పోయి ఉంటుందని తేల్చారు. ఆ లెక్కన ఈ విషయంలో ఆయన వాదన నిలవలేదు. అయితే పురుగు నడిచిన దారి తెలిసినంత మాత్రాన దారిలో ఇల్లున్నోడు దోషి అవుతాడా? కాడు. ఆ మాట నిలిచే ఉంది.

రెండో సంగతి డబ్బు. 2013లో మీర్బలే పట్టణంలో 300 పడకల పెద్ద ఆస్పత్రి తెరిచారు. 2025లో సాయుధ ముఠాలు ఆ పట్టణం మీద పడటంతో అది మూతపడింది. ఆ ఏడాది జనవరిలోనే అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఉన్నట్టుండి ఆపేసింది. ఎక్కడో కూర్చున్నోడు సంతకం పెడితే ఇక్కడ మందు ఆగిపోయేట్టుంటే అది దానం అవుతుంది, హక్కు కాదు. ప్రభుత్వమే వైద్యం ఇవ్వాలని ఫార్మర్ కూడా చివరిదాకా చెప్పాడు. మనం పట్టుకోవాల్సిన కొస అదే.

ఇక కార్యకర్తలకు నాలుగు పనులు.

ఒకటి, తోడు నడవండి. పల్లెలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే సర్కారు ఆస్పత్రి పరీక్షా కేంద్రానికి, ఏఆర్‌టీ కేంద్రానికి వెంట పోండి. పరీక్ష ఉచితం, మందు ఉచితం. బస్సు చార్జీ, ఆ రోజు కూలి ఎట్లా అన్నది కూడా మీరే ఆలోచించండి. అనుమానం ఉంటే 1097 నంబరుకు ఫోను చేయొచ్చు, దానికి డబ్బులు పడవు.

రెండు, నిజం చెప్పండి. కలిసి తింటే, ముట్టుకుంటే, ఒకే బావి నీళ్లు తాగితే ఈ జబ్బు రాదు. ముట్టుకుంటే మైల అనే అబద్ధం ఎట్లాంటిదో మనకంటే ఎవరికి తెలుసు? రోజూ మందు మింగుతూ రక్తంలో వైరస్ కనబడనంత తగ్గి, అట్లాగే నిలిచినవాళ్ల నుంచి సంపర్కం ద్వారా అవతలివాళ్లకు సోకదు. గర్భిణీ వేళకు మందు మింగితే బిడ్డకు సోకే భయం చాలా చాలా తక్కువ.

మూడు, చట్టం వాడండి. 2017లో చేసిన హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. జబ్బు పేరు చెప్పి ఉద్యోగం తీసేయకూడదు, బడిలో చేర్చుకోననకూడదు, ఆస్పత్రిలో వైద్యం కాదనకూడదు. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, పేరు బయటపెట్టకూడదు. పేరు దాచే బాధ్యత మనక్కూడా ఉంది. సాయం చేశామని చాటుకోవడానికి మైకులో పేరు చదివేవాడు కార్యకర్త కాడు.

నాలుగు, సర్వే కాగితాలు పట్టుకొచ్చేవాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఎవరు పంపారు? మా జవాబులు ఎక్కడికి పోతాయి? ఏం తేలిందో మళ్లీ ఇక్కడికొచ్చి మాకు చెబుతారా? రోగం ఉందని తేలితే మందు ఇచ్చేదెవరు? ఈ నాలుగింటికీ జవాబు చెప్పినోడికి మంచం వేయండి, మంచినీళ్లివ్వండి, నిజాలన్నీ చెప్పండి. చెప్పనోడు ముక్కు కొలవడానికి వచ్చినోడే. చేతిలో కొలబద్ద బదులు కాగితం ఉంది, అంతే.

ఈ నెలలోనే ప్రతి పల్లె నుంచి ఇద్దరు, అందులో ఒకరు ఆడమనిషి, తోడు నడవడానికి పేర్లివ్వాలని కోరుతున్నాం. జై భీమ్!