ట్రాక్టర్ నోటుకి లక్షలు వస్తాయా?

మన కోడూరులో చాలామంది అడుగుతున్నారు, ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకి లక్షలిస్తారంట, నిజమేనా అని. కాదండీ. అవి కోట్లలో అచ్చయ్యాయి.

నోటు చేతికిస్తే నేను మూడు చూస్తాను: అలాంటివి ఎన్ని దొరుకుతున్నాయి, మడత పడిందా, ఇదివరకు కొన్నవాళ్లు నిజంగా ఎంతిచ్చారు. అమ్మేవాడు చెప్పే రేటు లెక్కలోకి రాదు.

నంబరులో నక్షత్రం ఉందా? అచ్చులో పాడైన నోటుకి బదులు పెట్టింది అది. 2006 నుంచి వస్తున్నాయి. అదొక్కటే చూసి లక్షలు ఇవ్వరు.

"ముందు కమీషన్ కట్టండి" అన్నారా, ఫోన్ పెట్టేయండి. పాత నోట్ల బేరాలతో తమకి సంబంధం లేదని, ఛార్జీలు అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న స్పష్టంగా చెప్పింది. ఇంకోమాట, నోటుకి లామినేషన్ మాత్రం చేయించకండి, ఉన్న విలువా పోతుంది. ఉంటానండీ.