43 వికళల తేడా



మా మాస్టారి పేరిట మాట్లాడమనగానే నాకు గుర్తొచ్చింది నా ఇంటర్ ల్యాబ్ రికార్డు. లఘులోలకంతో గురుత్వ త్వరణం కట్టాలి. పుస్తకంలో 980 ఉంది, నాకు 961 వచ్చింది. డోలన కాలాలు అటూ ఇటూ దిద్ది 979 తెప్పించాను. నేను రబ్బరుతో చెరిపిన చోట మాస్టారు ఎర్రసిరాతో సున్న చుట్టి, "ఆ తేడా ఎక్కడ దాచావురా?" అన్నారు. మళ్లీ చూస్తే, దారం పొడవు కొలిచాను గానీ గుండు వ్యాసార్థం కలపడం మరిచాను. ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ ప్రశ్న గురించే.

1687లో న్యూటన్ ప్రిన్సిపియా వెలువడింది. అందులోని చలన నియమాల సారం ఇంతే: వస్తువు మీద బలమెంతో తెలిస్తే, దాని వేగం ఎలా మారుతుందో లెక్కగట్టవచ్చు. ఆ నియమాలకు గురుత్వాకర్షణ సూత్రం తోడైతే గ్రహాల నడక చేతికందింది. అయితే 1781లో హెర్షెల్ కనిపెట్టిన యురేనస్ మాత్రం లెక్క చెప్పిన దారిన నడవలేదు. ఫ్రాన్స్‌లో ఖగోళవేత్త లె వెరియే నియమాన్ని అనుమానించలేదు. కంటికి కనబడని గ్రహమేదో దాన్ని లాగుతోందన్నాడు, అదెక్కడుందో కాగితం మీదే తేల్చాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాలే దూరదర్శినిని అటు తిప్పితే, చెప్పిన చోటికి డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది.

ఆ లె వెరియేనే 1859లో బుధుడి లెక్కకు కూర్చున్నాడు. బుధుడు సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువు, అంటే పరిహేళి, మెల్లగా జరుగుతూ ఉంటుంది. మిగతా గ్రహాల లాగుడంతా కలిపినా నూరేళ్లకు 38 వికళలు మిగిలిపోయాయి. తర్వాత మరో ఖగోళవేత్త న్యూకోంబ్ దాన్ని 43కు సవరించాడు. వికళంటే డిగ్రీలో 3,600వ వంతు. రెండున్నర సెంటీమీటర్ల బిళ్లను 120 మీటర్ల దూరాన నిలబెడితే మన కంటి దగ్గర ఎంత కోణం చేస్తుందో, ఆ తేడా అంత. అదీ నూరేళ్లకు!

లె వెరియే పాత మందే వాడాడు. సూర్యుడి పక్కన ఇంకో గ్రహం ఉండాలన్నాడు, వల్కన్ అని పేరు కూడా పెట్టారు. గ్రహణాల వేళ ఎంత వెతికినా అది దొరకలేదు. 1915 నవంబరులో ఐన్‌స్టీన్ ఏ కొత్త గ్రహమూ లేకుండానే ఆ 43 వికళలు రాబట్టాడు. ఈసారి మారాల్సింది నియమమే. గురుత్వం బలం కాదు, ద్రవ్యరాశి దగ్గర స్థలకాలం వంగడం.

అంతమాత్రాన న్యూటన్ అటకెక్కలేదు. శ్రీహరికోటలో రాకెట్ లేచేది ఆయన మూడో నియమం మీదే. కాంతికి దరిదాపు వేగాలు, బలమైన గురుత్వం, పరమాణువు లోపలి లోకం: ఆయన హద్దులు అక్కడ కనిపిస్తాయి. ఒక్కోసారి మన జేబులోనూ కనిపిస్తాయి. ఫోన్‌కు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు నేల మీది వాటికన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఐన్‌స్టీన్ లెక్కతో దాన్ని సరిదిద్దకపోతే దూరాల్లో తప్పు రోజుకు పది కిలోమీటర్ల పైచిలుకు పేరుకుంటుంది.

యురేనస్ దగ్గరా తేడానే, బుధుడి దగ్గరా తేడానే. ఒకచోట మన సరంజామాలో లోటు, మరోచోట నియమంలోనే లోటు. ఏది ఏదో ముందుగా ఎవరికీ తెలియదు. చెరిపేస్తే ఎన్నటికీ తెలియదు.

ఆ రోజు నేను చెరిపిన చోట మాస్టారు నాచేతనే 961 మళ్లీ రాయించారు, పక్కన గుండు సంగతి కూడా. మార్కులు దానికే వేశారు.