పుస్తకం ముందా, పాఠకులు ముందా?

నా మొదటి పుస్తకం 500 కాపీలు వేయించా. ఏడాదిలో 60 అమ్ముడయ్యాయి, మిగతావన్నీ అమ్మ మంచం కిందకి చేరాయి. చదివేవాళ్లు లేకుండానే ప్రెస్‌కి పరిగెత్తడం నా తప్పు.

ఆండీ వియర్ ‘ది మార్షియన్’ని ముందు తన వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయం ఫ్రీగా పెట్టాడు. పాఠకులు అడిగాకే 2011లో కిండిల్‌లో పెట్టాడు. 2015లో అది సినిమా అయింది.

మీరూ ప్రతిలిపిలో వారానికో భాగం పెట్టండి. ఎక్కడ బోర్ కొట్టిందో అడగండి, అక్కడ తిరగరాయండి. ‘పుస్తకంగా కావాలి’ అన్నవాళ్ల పేర్లు రాసుకోండి. 50 పేర్లు వచ్చాకే 100 కాపీలు వేయించండి. ఐఎస్‌బీఎన్‌కి డబ్బులు కట్టకండి, మన దేశంలో అది ఉచితం. వాట్సాప్‌లో ‘కొనండి’ అని కాదు, మీ కథలో ఒక మంచి పేరా పంపండి.

నా రెండో పుస్తకానికి ఇలాగే చేశా. మంచం కింద ఒక్కటీ మిగల్లేదు. ఉంటా మరి!