పసిబిడ్డ తుంటి కీలు

ఏ ఊళ్లోనైనా పసిబిడ్డకు లాలపోసేది ఎక్కువగా అమ్మమ్మో, నాయనమ్మో. కాళ్లు చాపుకుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నూనె రాస్తారు. ఆ చేతులే తుంటి కీలు లోపాన్ని ముందుగా పట్టుకోగలవు.

తొడ ఎముక తల గుండ్రంగా ఉంటుంది. అది తుంటి ఎముక గుంటలో కుదురుకోవాలి. గుంట గిన్నెలా లోతుగా ఉంటే కీలు నిలుస్తుంది. కొందరు పిల్లల్లో అది పళ్లెంలా ఉంటుంది. లోతు తక్కువ, పైకప్పు ఏటవాలు. దాంతో తొడ తల పక్కకు జారుతుంది.

పసితనంలో ఆ గుంట ఇంకా మెత్తనే. తొడ తల సరైన చోట ఆనితే, గుంట క్రమంగా లోతు పడుతుంది. అందుకే తొలి ఆరు నెలలు కీలకం. అప్పుడు చాలామందికి మెత్తని పట్టీలు చాలు. ఆలస్యమైతే ఆపరేషన్ అవసరం కావచ్చు.

మరి ఏం చూడాలి? గుడ్డ మార్చేటప్పుడు ఒక తొడ సరిగా విచ్చుకోదు. ఒక కాలు పొట్టిగా కనిపిస్తుంది. బిడ్డకు నొప్పి ఉండదు, ఏడవదు. కాబట్టి మనమే చూడాలి. కడుపులో ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డనైతే తప్పక డాక్టరుకు చూపించాలి.

కాళ్లు చాపి బిగించి చుట్టకండి, లాగకండి. కాళ్లు ఎడంగా పెట్టి చంకనెత్తుకోండి.

2013లో మొదలైన ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో తుంటి కీలు పరీక్ష ఉంది. ఆశా కార్యకర్తను అడగండి. మళ్లీ చెబుతున్నాను: ఆరు నెలల లోపే చూపించండి. నడక వచ్చేదాకా ఆగకండి.