ముదిరిన ప్రోస్టేటు క్యాన్సరు – జన్యుచికిత్స



కొన్ని నెలల క్రిందట ఒక విశ్రాంత ఉపాధ్యాయులు నా యొద్దకు వచ్చిరి. వయస్సు డెబ్బది దాటినది. ప్రోస్టేటు గ్రంథిలో పుట్టిన క్యాన్సరు ఆయన నడుము ఎముకలకు ప్రాకినది. మందుచీట్లతోపాటు ఒక వార్తాపత్రిక ముక్కను మడచి తెచ్చుకొనిరి. దానిని నా ముందుంచి, “డాక్టరుగారూ, జన్యువులతో ఈ వ్యాధిని కుదుర్చుచున్నారట. ఉన్న రెండెకరములు అమ్మియైనను చేయించుకొందునా? నిజము చెప్పుడు” అని అడిగిరి. ఆయనకు చెప్పిన సమాధానమునే నేడు మీకును విన్నవింతును.

ప్రోస్టేటు అనునది పురుషులకు మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టుకొని యుండు చిన్న గ్రంథి. ఇందు పుట్టు క్యాన్సరునకు పురుష హార్మోను ఆహారము వంటిది. 1941లో చికాగో నగరమున చార్లెస్ హగ్గిన్స్ అను శస్త్రవైద్యుడు ఈ సంగతిని నిరూపించెను. వృషణములను తొలగించినను, స్త్రీ హార్మోను ఇచ్చినను, ఎముకలకు ప్రాకిన వ్యాధి సైతము తగ్గుముఖము పట్టెను. 1966లో ఆయనకు నోబెల్ బహుమానములో భాగము లభించెను. నేటికిని ముదిరిన వ్యాధికి హార్మోనును అణచుటయే మొదటి మెట్టు. ఇప్పుడు ఇంజెక్షనుతో ఆ పని జరుగును. కాని కొంతకాలమునకు క్యాన్సరు కణములు ఆ కరవునకు అలవాటుపడి, హార్మోను అడుగంటినను పెరుగుట నేర్చును. క్రొత్త చికిత్సలకై వెదకుట ఇచ్చటనే మొదలగును.

కణము ఏ పని చేయవలెనో తెలుపు ఆజ్ఞాపత్రము జన్యువు. ఆ పత్రమును కణములోనికి చేర్చుటకు ఒక బంట్రోతు కావలెను. తరచుగా ఆ బంట్రోతు వైరసే. రోగము కలిగించు శక్తిని దానినుండి తీసివైచి, మనకు కావలసిన జన్యువును అందు అమర్చి పంపుదురు.

మొదటి మార్గమున, హెర్పిస్ వైరసు జన్యువు నొకదానిని గ్రంథిలోనికి ఎక్కించి, పిమ్మట వాలసైక్లోవిర్ మాత్రలిత్తురు. జన్యువు చేరిన కణము ఆ మందును తానే విషముగా మార్చుకొని నశించును. 745 మందిపై జరిపిన పరీక్ష ఫలితము 2024 డిసెంబరులో ప్రకటింపబడెను. రేడియేషనుతోపాటు ఈ చికిత్స పొందినవారిలో వ్యాధి తిరుగబెట్టుట గాని మరణము గాని సంభవించు అపాయము సుమారు 30 శాతము తగ్గెను. అయితే వారందరును వ్యాధి గ్రంథిని దాటనివారు.

రెండవ మార్గమున వైరసే ఆయుధము. పి.ఎస్.ఏ. అను పదార్థమును తయారుచేయు జన్యువునకు ఒక మీట కలదు. అది ముఖ్యముగా ప్రోస్టేటు కణములలోనే పనిచేయును. ఆ మీటను వైరసునకు అమర్చినచో అది ఆ కణములలోనే వృద్ధిపొంది వానిని చీల్చును. రేడియేషను పిమ్మట గ్రంథిలో వ్యాధి తిరుగబెట్టిన 20 మందికి దీనినిచ్చి, ఫలితమును 2001లో ప్రకటించిరి. రోగులు దానిని సహించిరి, కొందరిలో పి.ఎస్.ఏ. తగ్గెను. కాని గ్రంథిలో సూది గ్రుచ్చవచ్చును గాక, ఎముకలలో పలుచోట్ల దాగిన వ్యాధికి ఎన్ని సూదులు గ్రుచ్చగలము? రక్తములోనికి ఎక్కించినచో కాలేయమే చాలవరకు వైరసును పట్టివేయును.

మూడవ మార్గము దేహరక్షక కణములకు శత్రువును చూపుట. జన్యువు మార్చిన క్యాన్సరు కణములతో చేసిన జీవాక్స్ అను టీకాపై రెండు పెద్ద పరీక్షలు 2008లో నిలిచిపోయెను. వానిలో ఒకదానియందు టీకా పొందినవారిలోనే మరణములు ఎక్కువగా కనిపించెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు రోగుల రక్షక కణములనే తీసి, జన్యువు మార్చి, 13 మందికి తిరిగి ఎక్కించిరి. 2022లో ఫలితము వెలువడెను. ఒక రోగికి పి.ఎస్.ఏ. 98 శాతమునకు పైగా పడిపోయెను. అతడే ఆ కణముల ఉద్ధృతికి రక్తదోషము తోడై మరణించెను. వ్యాధిని జయించు బలమును, ప్రాణము తీయు బలమును ఒక్కచోటనే కలవని దీనివలన తెలియును.

నేను ఉపాధ్యాయులతో ఇట్లంటిని: “అయ్యా, పత్రికలోని వార్త అబద్ధము కాదు. కాని అది మీ దశను గూర్చినది కాదు. పొలము అమ్మవలదు. క్రమముగా జరుగు పరీక్షలో ప్రయోగపు మందునకు రోగి ధనమియ్యనక్కరలేదు. లక్షలు అడుగువారిని శంకింపుడు. ఆయువును కొంత పొడిగించు డోసిటాక్సెల్ 2004 నుండియు కలదు. ఎముకల నొప్పికి రేడియేషను కలదు. మీ జన్యువులను పరీక్షింపించుడు, బి.ఆర్.సి.ఏ. దోషమున్నచో ఓలాపరిబ్ మాత్రలు ఉపకరింపవచ్చును. అమెరికాలో 2020లో వానికి అనుమతి లభించెను.”

ఆయన కొంతసేపు మౌనముగా నుండి, “మా మనుమని కాలమునకైనను వచ్చునా?” అనిరి. “వచ్చుననియే నా నమ్మకము, తేదీ మాత్రము చెప్పజాలను” అంటిని. ఆయన కాగితమును మరల మడచి జేబులో పెట్టుకొనిరి. పొలము అమ్మలేదు.

శ్రోతలారా, మూత్రము ఆగి ఆగి వచ్చుటయు, మానని నడుమునొప్పియు వయస్సువలన వచ్చినవే యని సిగ్గుతో దాచుకొనవలదు. అవి అన్నియు క్యాన్సరు కావు, అయినను చూపించుకొనుడు. గ్రంథిని దాటకముందు పట్టుబడిన వ్యాధికి నేడే మంచి వైద్యము కలదు. సెలవు.