మంచు పలకల పట్టువిడుపులు

హిమపాతం ఎరుగని సీమలో పుట్టిన మనలో చాలామందికి స్కీ క్రీడ చలనచిత్రాలలో చూచే వినోదమే. పొడవైన రెండు పలకలు తగిలించుకొని మనిషి పక్షివలె కొండవాలు దిగిపోతుంటే మనం ఆ పలకలనే మెచ్చుకొంటాము. కాని కీలకం పలకలో లేదు. పాదాన్ని పలకతో కూర్చే కట్టులో ఉన్నది. దానినే బైండింగు అంటారు. దాని చరిత్ర ఒక విధంగా విరిగిన కాళ్ళ చరిత్ర కూడాను.

పూర్వం నార్వే పల్లెలలో పాదం ముందుభాగానికి ఒక తోలుపట్టె మాత్రం ఉండేది. చదునైన నేలపై నడవడానికి అది చాలును. వాలులో మలుపు తిరగబోతే పాదం ఒక దారి, పలక ఒక దారి. మోర్గెడాల్ గ్రామంలో 1825లో జన్మించిన సోండ్రే నార్‌హైమ్ పేనిన చెట్టువేళ్ళను మడమ చుట్టూ త్రిప్పి బిగించాడు. మడమ పైకి లేస్తుంది, పాదం ప్రక్కకు జారదు. దానితో దూకడమూ, మలుపు తిరగడమూ సాధ్యమైనవి.

1894లో ఫ్రిట్జ్ హుయిట్‌ఫెల్ట్ ఇనుమును తెచ్చాడు. పలకకు అడ్డంగా రంధ్రం తొలిచి, ఇనుపపట్టీ దూర్చి, రెండు కొసలను చెవులవలె పైకి వంచేవారు. ఆ చెవులను ఎవరి బూటుకు తగినట్లు వారు సుత్తితో సరిచేసుకోవలసిందే. పైగా రంధ్రం తొలిచిన చోటనే పలక విరగడం కద్దు.

తరువాత స్విట్జర్లాండులో ఉక్కుతీగ కట్టు పుట్టింది. దాని పేరు కందహార్! ఆఫ్ఘన్ నగరం పేరు ఆల్ప్స్ కొండలకు ఎట్లా చేరింది? కాన్పూరులో పుట్టిన బ్రిటిషు సేనాని రాబర్ట్స్ 1880లో కందహార్ యుద్ధం గెలిచి, ఆ పేరును తన బిరుదులో చేర్చుకొన్నాడు. 1911లో స్విట్జర్లాండులో జరిగిన స్కీ పందేనికి ఆయన పేర కప్పు వెలసింది. పందెం పేరే కట్టుకూ వచ్చింది. తీగను మడమ చుట్టూ త్రిప్పి, ముందున్న మీటను నొక్కితే బిగుస్తుంది. దిగేటప్పుడు తీగను ప్రక్క కొక్కేలకు తగిలిస్తే మడమ పలకకు అదిమి ఉంటుంది. ఎక్కేటప్పుడు కొక్కేలు విడిపిస్తే మడమ లేస్తుంది.

ఇంత చక్కని సాధనానికి ఒక్కటే లోపం: పట్టుకోవడం తెలుసు, విడవడం తెలియదు. మనిషి పడితే పొడవాటి పలక సన్నపుగడ్డపారవలె కాలిని మెలిపెట్టేది. అందుకే ఇటువంటి కట్లను అమెరికావారు ఎలుగుబంటి బోనులన్నారు. 1937లో కాలు విరిగిన యాల్మర్ వామ్ అనే స్కీ వీరుడు 1939 నాటికి, మెలికపడితే బూటును తానే విడిచే కట్టును రూపొందించాడు. గట్టిగా పట్టే ఇనుము వచ్చిన 45 ఏళ్ళకు గాని సమయానికి విడిచే ఇనుము రాలేదు.

అంతటితోనూ చిక్కు తీరలేదు. విడిపోయిన పలక వాలులో దూసుకుపోయి క్రిందివారికి తగులుతుందని దానిని తోలుపట్టెతో కాలికి కట్టేవారు. అప్పుడది గిరగిరా తిరిగి యజమానినే కొట్టేది! 1970 తరువాతి దశకంలో, బూటు విడిపోగానే మంచులో గ్రుచ్చుకొనే ఆపుడు ముళ్ళు వ్యాపించి ఈ బెడద తగ్గించినవి.

ఈ పాత కట్లను నేడు కొందరు ప్రీతితో సేకరిస్తున్నారు. గోడకు అలంకారంగా అవి ముచ్చటైనవే. వాటిని కాలికి తొడిగి వాలు దిగబోవడం మాత్రం ప్రమాదకరం. ఎండిన తోలు ఎప్పుడు తెగుతుందో, తుప్పు పట్టిన స్ప్రింగు ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరు చెప్పగలరు? గట్టిగా పట్టుకోవడం ఎంత అవసరమో, వేళకు విడిచిపెట్టడమూ అంత అవసరమని ఆ పాత ఇనుపముక్కలు గోడమీదనుంచే మనకు చెప్పగలవు.