మెడలో గొట్టముండిన మాత్రాన వైద్యుడగునా?



ఇటీవల మేము ధ్వనిముద్రణకై కళ్యాణదుర్గము ప్రాంతమున ఒక పల్లెకు పోయియుంటిమి. రచ్చకట్ట చెంత ఒక గది ముందు జ్వరపీడితులు బారులుదీరి కూర్చుండిరి. లోపల స్టెతస్కోపు ధరించిన ఒకాయన సూదిమందు వేయుచుండెను. గోడమీద పట్టా లేదు. చీటీమీద పేరు లేదు. "ఆసుపత్రికి పోరాదా అవ్వా?" అని మేమడుగగా, ఒక వృద్ధురాలు "టౌనుకు పోతే బస్సు చార్జీ పాయె, కూలీ పాయె. ఈయప్పయితే శెనిక్కాయలు అమ్మినాక ఇస్తే సాలంటాడు నాయనా" అనెను.

ఆమె మాటలో అసత్యము లేదు. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురము సీమలో పంట అమ్మిననాడే చేతికి డబ్బు. అరువిచ్చువాడే ఆప్తుడగుట సహజము. అయినను, ఆ సూదిలో ఏమున్నదో అవ్వ యెరుగదు. స్టిరాయిడు మందు నొప్పిని, జ్వరమును తాత్కాలికముగా అణచును. రోగము లోలోపల ముదురుచునే యుండును. ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడినచో కామెర్లు కలిగించు హెపటైటిస్, ఎయిడ్స్ క్రిములు సంక్రమింపవచ్చును.

ఇట్టివారిని మన పల్లెలలో ఆర్.ఎం.పి. డాక్టరందురు. ఆ మూడక్షరములకు నమోదైన వైద్యుడని అర్థము. నమోదు లేనివానికే ఆ పేరు స్థిరపడుట విచిత్రము! ఈ తికమక న్యాయస్థానమున చెల్లదు. 1956 నాటి వైద్యమండలి చట్టము నమోదు లేక వైద్యము చేయువానికి ఏడాది వరకు ఖైదు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధించెను. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టము ఆ జరిమానాను 5 లక్షల రూపాయల వరకు పెంచినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము, మారువేషమున మోసగించినచో 5 సంవత్సరముల వరకు శిక్ష గలదు. అజాగ్రత్త వలన రోగి మరణించినచో, చికిత్స చేసిన నమోదైన వైద్యునకు 2 సంవత్సరముల వరకే ఖైదు. తదితరులకు 5 సంవత్సరముల వరకు.

1964లో సుప్రీం కోర్టు విచారించిన ఒక వ్యాజ్యము స్మరింపదగినది. మధ్యప్రదేశ్‌లో ఒక హోమియో వైద్యుడు నారికురుపునకు ఉమ్మెత్త మందునిచ్చెను, రోగి మరణించెను. ఆ మందు ప్రభావమును తెలిసికొనక యిచ్చుటయే నేరమని న్యాయస్థానము తలచి, 2 సంవత్సరముల కఠిన శిక్ష విధించెను. పట్టికలో పేరున్నవానికే అట్లయినచో, ఏ పట్టికయు లేనివాని సంగతి చెప్పవలెనా? ఆ నారికురుపు నుండి మన దేశము విముక్తమైనదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది. దానిని తొలగించినది సూదిమందు కాదు. దిగుడుబావులకు బదులు శుభ్రమైన నీరు, ఇంటింటికి తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు.

కావున శ్రోతలు వైద్యుని నమోదు సంఖ్య యేమని నిస్సంకోచముగా అడుగవలెను. అది అవమానము కాదు. నిజమైన వైద్యుడు కోపింపడు. మందుపేరు వ్రాసిన చీటీ తీసికొనవలెను. సూది పొట్లమును మన యెదుటనే విప్పుమని కోరవలెను. ఆపద సమయమున 108కి ఫోను చేయవలెను. అవ్వకు ఆసుపత్రి చేరువ కానంతకాలము శిక్షలు మాత్రమే చాలవని పాలకులును గుర్తింపవలెను.

శెనక్కాయలు అమ్మినాక సూదిమందు అప్పు తీరవచ్చును. పోయిన ప్రాణము తిరిగి రాదు.